గుల్ల ఏరకుండానే వయసు చెబుతారట!

మా రోజుల్లో సముద్రం అడుగు బురదకు వయసు కట్టడమంటే మెడ పట్టేసే పని. అడుగులోకి గొట్టం దించి తీసిన బురద స్తంభాన్ని కోర్ అంటాం; ఆ కోర్ ముక్కను నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో పోసి, కుళాయి కింద కడిగి, ఓవెన్‌లో ఆరబెడితే చివరికి మిగిలేది చిటికెడు. దాన్ని నల్ల పళ్లెంలో చల్లి, మైక్రోస్కోపు కింద పెట్టి, సన్న కుంచెను నాలుకకు తగిలించి, బొంబాయి రవ్వంత కూడా లేని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లల్ని ఒక్కొక్కటే ఏరేవాళ్లం.

ఒక శాంపిల్ అయ్యాక జల్లెడను మిథిలీన్ బ్లూలో ముంచడం ఆనవాయితీ. తర్వాతి శాంపిల్లో నీలం గుల్ల కనిపిస్తే అది పాతదాంట్లోంచి అంటుకొచ్చిన దొంగ. లెక్కలోంచి తీసి పక్కన పడేయడమే. ఇప్పటి పిల్లల్ని ఆ సీసా ఏదయ్యా అంటే "అదెందుకు సార్?" అంటారు.

పైగా ఉపదేశం! "ఫొటో ఇస్తే జాతి పేరు కంప్యూటరే చెబుతుంది. కార్బన్ డేటింగుంది, ఐసోటోపులున్నాయి. ఇంకా కుంచెలేమిటి సార్?"

కార్బన్ సుమారు 50 వేల ఏళ్ల దగ్గరే చేతులెత్తేస్తుంది బాబూ. అడుగున ఉన్నదేమో లక్షల ఏళ్ల, కోట్ల ఏళ్ల బురద. పోనీ ఆ 50 వేల లోపైనా యంత్రంలో వేసేదేమిటి? ఎవరో కూర్చుని ఏరిన ఆ గుల్లలనే కదా! ఐసోటోపులదీ అదే కథ. జాతులు కలగాపులగమైతే అంకె వస్తుంది, అర్థం రాదు.

ఫొరామినిఫెరా జాతుల్లో గ్లోబిజెరినాయిడిస్ రూబర్‌నే చూడండి. అందులో గులాబీ రంగుది అట్లాంటిక్‌లో నేటికీ బతికే ఉంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో మాత్రం సుమారు లక్షా 20 వేల ఏళ్ల కిందట మాయమైంది. మన వైపు కోర్‌ను పైనుంచి కిందికి చూసుకుంటూ పోతే, గులాబీ గుల్ల మొదటిసారి తగిలిన చోటే ఆ తేదీ. దానికి కావలసింది కన్ను, ఓపిక.

ఇంకా వెనక్కి పోవాలా? పంటిపుల్ల కొనతో బురద తీసి, గాజు పలక మీద పూసి, వెయ్యి రెట్లు పెంచి చూడండి. డిస్కోయాస్టర్ అనే నక్షత్రాల్లాంటి సూక్ష్మ శిలాజాలు కనబడితే, అవి సుమారు 19 లక్షల ఏళ్ల కిందటే అంతరించాయి కాబట్టి, పొర అంతకన్నా పాతది. ఇక్కడే తిరకాసుంది. వాలు మీంచి జారిన పాత బురద కొత్త పొరలో కలుస్తుంది. నక్షత్రాలు ఒకటీ అరా ఉండి, అవీ అరిగిపోయి ఉంటే నమ్మకూడదు. కంప్యూటర్ పేరు చెబుతుందే గానీ, "నువ్విక్కడికెలా వచ్చావు?" అని నిలదీస్తుందా?

1968లో గ్లోమార్ ఛాలెంజర్ ఓడ సముద్రం అడుగున తవ్వకాలు మొదలుపెట్టిన నాటి నుంచీ ఓడ మీదికి కోర్ రాగానే "ఏ కాలానిది?" అని అడిగేది గుల్లలు చూసేవాళ్లనే. 2006లో మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్విన ఓడ జాయిడిస్ రిజల్యూషన్‌ది కూడా ఆ సంప్రదాయమే.

యంత్రాలు కొనండి, నేను వద్దనను. కానీ ప్రతి ఎమ్మెస్సీ విద్యార్థి చేతిలో ముందు ఓ కుంచె, ఓ నల్ల పళ్లెం పెట్టండి. ఏరడం రానివాడు సంతకం పెట్టిన వయసును నేనైతే నమ్మను.