సైటు పడిపోయిందా? లేవకుండా చూసుకునే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న కంప్యూటర్ షాపు పెట్టుకుని, గద్వాల చీరల కొట్టుకూ మిర్యాలగూడ రైస్ మిల్లుకూ పాలమూరు ఫంక్షన్ హాలుకూ వెబ్‌సైట్లు కట్టి, అన్నిటినీ ఒకే షేర్డ్ హోస్టింగ్ అకౌంట్లో కుక్కిన తమ్ముళ్ల కోసం ఈ పాఠం. పావుగంటలో తేలిపోయే సర్వర్ తప్పును బతుకమ్మ నుంచి దీపావళి దాకా సాగదీయడం ఒక కళ.

ముందుగా ఫోన్ వస్తుంది. "తమ్మీ, సైటు తెరిస్తే ఐదు వందలు అంటున్నది. ఎవలికి కట్టాలె?" అని చీరల సేటు అడుగుతాడు. 500 అంటే రూపాయలు కావనీ, లోపల ఏదో తప్పు జరిగింది, వివరం బయట చెప్పను అని సర్వర్ అంటున్నదనీ విడమరచకండి. "సర్వర్ డౌన్ ఉన్నది అన్నా" అనేయండి. బతికే ఉంది కాబట్టే అది 500 అని జవాబిచ్చింది. ఆ సంగతి సేటుకెందుకు?

ఎర్రర్ లాగ్ జోలికి మాత్రం పోవద్దు. సీప్యానెల్‌లో దానికో బొమ్మ ఉంటుంది, లేదంటే సైటు ఫోల్డర్లోనే ఆ పేరుతో ఒక ఫైలు పడి ఉంటుంది. ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో, ఎన్ని గంటలకు తప్పు జరిగిందో దాని చివరి వరుస చెప్పేస్తుంది. చదివారా, ఆట అక్కడితో అయిపోయింది. యూట్యూబ్ తెరవండి.

అక్కడ ఎవరో ఒకరు డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో పది వరుసలు అతికించమంటారు. అతికించండి. సర్వర్ అసలు కాన్ఫిగరేషన్ తాళం హోస్టింగ్ కంపెనీ దగ్గరే ఉంటుంది. అద్దెకున్నవాళ్లు తమ ఫోల్డర్ వరకు నియమాలు రాసుకోవడానికి అపాచీ సర్వర్ ఇచ్చిన సౌకర్యం ఈ ఫైలు. ప్రతి రిక్వెస్టుకూ దాన్ని కొత్తగా చదువుతుంది కాబట్టి, మీరు సేవ్ నొక్కిన మరుక్షణం తప్పు అమల్లోకొస్తుంది. ఇంత చురుకుగా పనిచేసే వ్యవస్థ మనకు ఇంకెక్కడుంది చెప్పండి! 2012లో అపాచీ 2.4 వచ్చాక అనుమతుల వరుసలు రాసే తీరు మారింది, అందుకని అంతకుముందటి పాఠమే వెతికి పట్టుకోండి. మెమరీ పెంచుతామంటూ "పీహెచ్‌పీ వాల్యూ" అని మొదలయ్యే వరుస కూడా తగిలించండి. పీహెచ్‌పీని అపాచీకి బయట, ఎఫ్‌పీఎంలో నడిపే సర్వర్‌కు ఆ ఆజ్ఞ సాధారణంగా అర్థం కాదు. ఆ ఒక్క వరుసకే మొత్తం సైటు 500 అవుతుంది. ఆ ఫైలు పేరు మార్చి చూడు, సైటు లేస్తే తప్పు అందులోనే అని ఏ పెద్దమనిషన్నా చెబితే వినకండి. పేరు చుక్కతో మొదలవుతుంది గనుక ఫైల్ మేనేజర్లో దాగే ఉంటుంది. అలాగే ఉండనివ్వండి.

ఇంకా లేవలేదా? అన్నిటికీ 777 అనుమతి కొట్టండి. ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 చాలు. కానీ చాలు అనుకుంటే మనం మనమెట్లయితం? అందరికీ రాసే హక్కున్న స్క్రిప్టును నడపనని కొన్ని సర్వర్లు మొండికేసి మళ్లీ 500 చూపిస్తాయి. మందే రోగమైందన్నమాట.

ఇప్పుడు మన భాషకు ప్రత్యేకమైన అవకాశాలు. చీరల పేర్లు తెలుగులో రాస్తారు కదా, వాటిని పాత నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేయండి. ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు చేరతాయి. 2019 విండోస్ 10 అప్‌డేట్‌తో గానీ నోట్‌ప్యాడ్ ఆ అలవాటు మానలేదు. పీహెచ్‌పీ ఫైల్లో ఆ మూడూ అన్నిటికంటే ముందు బయటికి పోతాయి, ఆ తర్వాత లాగిన్ కుకీ పంపబోతే హెడర్లు ఎప్పుడో వెళ్లిపోయాయని గోల మొదలవుతుంది. ఆ లైన్లో ఏముందో ఎంత చూసినా కనపడదు. రాత్రంతా హాయిగా వెతుక్కోవచ్చు.

డేటాబేస్‌లో అయితే ఇంకా సులువు. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, లాటిన్-1నే పట్టుకునేది. అందులో తెలుగుకు చోటు లేదు. అలాంటి పాత డేటాబేస్‌లోకి ఎక్కించిన అక్షరాలు చాలాసార్లు ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి, ఒకసారి అలా నిల్వయితే బ్యాకప్ లేకుండా వెనక్కి రావు. "మనమే చీరలు అమ్ముతుంటే మనల్నే ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నదేంది తమ్మీ?" అంటాడు సేటు. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో సరైన ప్రశ్న వేసింది ఆయనొక్కడే.

షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పది బోర్లు నడవడం. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ఏమవుతుందో మన రైతులకు చెప్పక్కర్లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు కూడా చెప్పింది. మీరు మాత్రం బ్యాకప్పులూ, పండగ ఆఫర్ల మెయిళ్లూ అన్నీ సరిగ్గా అర్ధరాత్రి 12 గంటల క్రాన్ జాబులోనే పెట్టండి. చాలా హోస్టింగ్ కంపెనీలు వాడే క్లౌడ్‌లైనక్స్ ఒక్కో అకౌంటులో ఒకేసారి నడిచే ప్రాసెసులు ఇన్నేనని కోటా కడుతుంది, దాటితే 508 చూపిస్తుంది. "మొన్న ఐదు వందలుండె, ఇయ్యాల ఐదు వందల ఎనిమిదైంది. జీఎస్టీనా?" అని సేటు అడిగితే పక్క అకౌంటోళ్ల మీదికి నెట్టండి. కోటా దాటింది మీ అకౌంటే, అందులో ఉన్న సైట్లన్నీ మీరు కట్టినవే అన్నది మన మధ్యే ఉండాలి.

బ్యాకప్ తప్పక తీయండి, తీసి అదే అకౌంట్లో, అదీ పబ్లిక్ ఫోల్డర్లోనే పెట్టండి. కాన్ఫిగ్ ఫైలు పేరు చివర డాట్ ఓల్డ్ అని తగిలిస్తే సర్వర్ దాన్ని పీహెచ్‌పీగా నడపదు, అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తుంది, డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా.

హోస్టింగ్ కంపెనీకి టికెట్ రాసేటప్పుడు ఏ పేజీ, ఎప్పటి నుంచి, చివరగా ఏ ఫైలు ముట్టుకున్నారు అనేవి రాయకండి. "అర్జెంట్, నాట్ వర్కింగ్" చాలు. జవాబు రాకముందే ఇంకో టికెట్ వేయండి.

ఇక ఆఖరి జాగ్రత్త. హోస్టింగ్ గడువు ముగిసేముందు కంపెనీ గుర్తుచేస్తూ మెయిళ్లు పంపుతుంది. వాటి కోసం మీరిచ్చే ఈమెయిల్ చిరునామా అదే అకౌంట్లో, అదే డొమైన్ మీద ఉండేలా చూసుకోండి. గడువు దాటి అకౌంట్ ఆపేశాక, డబ్బు కట్టమని వాళ్లు పంపే చివరి మెయిలు కూడా ఆ ఆగిపోయిన సర్వర్‌కే పోతుంది.