పోర్టు బ్లాకైందా? ఈ సలహాలు మాత్రం వినకండి

నెల 20వ తేదీ దగ్గరపడింది. జీఎస్టీఆర్-3బీ వేయాలి. లెక్కలన్నీ కొట్లో కంప్యూటర్లో, టాలీలో ఉన్నాయి. అకౌంటెంటేమో ఇంట్లో ఉన్నాడు. అక్కడి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ పెడితే కనెక్టు కావడం లేదు. ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేస్తే బయటి నుంచి వచ్చే పోర్టులు బ్లాక్ చేశామంటారు. ఇక సలహాలు మొదలవుతాయి. కేబుల్ లాగడానికి వచ్చిన కుర్రాడిది ఒకటి, సాఫ్ట్‌వేర్ అమ్మినాయనది ఒకటి, బావమరిదిది ఇంకొకటి. ఎవరూ చెడు కోరి చెప్పరు. కానీ ఒక చిన్న వ్యాపారం లెక్కల పుస్తకాలు పోగొట్టుకోవడానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

అందరికంటే ముందు వినిపించేది: “రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టెయ్యండి, అయిపోతుంది.” చాలాచోట్ల అది పనిచేయదు. ఎందుకంటే పాతరకం (ఐపీవీ4) ఐపీ అడ్రసులు ఎప్పుడో అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి మిగిలిన ఆఖరి నిల్వను 2011 ఏప్రిల్ నుంచే పొదుపుగా పంచుతున్నారు. అందుకే ఇంటర్నెట్ కంపెనీలు ఎంతోమంది కస్టమర్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనక పెడుతున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. మీ కనెక్షన్ ఇలాంటిదో కాదో మీరే చూసుకోవచ్చు. రూటర్ పేజీలో వాన్ ఐపీ అని ఉంటుంది. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. లేదా గూగుల్‌లో “వాట్ ఈజ్ మై ఐపీ” అని వెతికి, అక్కడ కనిపించే నంబరూ రూటర్‌లోదీ ఒకటేనా అని చూడండి. రెండూ వేరైతే మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు మీదాకా రాలేరు. కంపెనీ బ్లాక్ చేసిందని మనం తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఇదే.

పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదకరమైన సలహా ఎదురవుతుంది. “రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 బ్లాక్ చేశారా? 33890 పెట్టండి, ఎవరికీ తెలియదు.” ఈ మాట నమ్మినవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. 2013లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జడ్‌మ్యాప్ అనే ప్రోగ్రాం రాశారు. మంచి స్పీడున్న ఒక్క మెషీన్ నుంచి, ప్రపంచంలోని ఐపీవీ4 అడ్రసులన్నిటిలో ఒక పోర్టు తెరిచి ఉందో లేదో 45 నిమిషాల్లో చూసి వచ్చేస్తుందది. షోడాన్ లాంటి సెర్చింజన్లయితే ఏ అడ్రసులో ఏ పోర్టు తెరిచి ఉందో రాసిపెట్టుకునే ఉంటాయి. పోర్టు నంబరు మార్చడమంటే షట్టరు తెరిచిపెట్టి బోర్డు తిప్పేయడమే. దొంగ బోర్డు చదివి లోపలికి రాడు.

అసలు ఇంటర్నెట్ కంపెనీలు పోర్టులను ఎందుకు మూస్తాయో కూడా తెలుసుకోవాలి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు అది విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు మీదుగా, ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ అవసరం లేకుండానే లోపలికి రానిచ్చే లోపమది. ఎంత తీవ్రమైనదంటే, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ అప్‌డేట్ ఇచ్చింది. కాబట్టి ఆ బ్లాకు మీకు శత్రువు కాదు. దాన్ని పగలగొట్టాలని చూడకండి.

“డీఎమ్‌జడ్ ఆన్ చేసి ఫైర్‌వాల్ ఆపెయ్యండి” అనేవాళ్లకు జవాబు చెప్పడం కూడా అనవసరం. అది తలుపులన్నీ తెరిచిపెట్టడమే. వద్దు, అంతే.

“బిజినెస్ ప్లాన్ తీసుకోండి, స్టాటిక్ ఐపీ ఇస్తారు” అన్నది సగం మంచి సలహా. నిబంధనల ప్రకారం నడవాలంటే అదే సరైన దారి. ఇంటి కనెక్షన్ మీద సర్వర్ నడపకూడదని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది, చదువుకోండి. కానీ స్టాటిక్ ఐపీ వచ్చినంత మాత్రాన భద్రత రాదు. మారని అడ్రసు దాడి చేసేవాడికీ సుఖమే.

“ఎనీడెస్క్ వేసి, పాస్‌వర్డ్ అందరికీ ఒకటే పెట్టండి.” ఎనీడెస్క్ పనిచేస్తుంది, పోర్టులతో గొడవా లేదు. చిక్కంతా ఆ ఒకటే పాస్‌వర్డ్‌తో. నిరుడు మానేసిన గుమాస్తాకీ అది తెలుసు. ఇలాంటి యాప్‌లు వేయించి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఫోన్‌లో ఎవరో ఆ యాప్‌లో కనిపించే నంబరు చెప్పమంటే చెప్పేసే అలవాటు కొట్లో కుర్రాళ్లకు అబ్బకూడదు.

మరి ఏం చేయాలి? బయటి నుంచి లోపలికి రావడం మానేసి, లోపలి నుంచే బయటికి వెళ్లాలి. కంపెనీలు మూసేది లోపలికి వచ్చే దారులనే. కొట్లో కంప్యూటరే బయటికి కనెక్షన్ పెట్టుకుంటే బ్లాకూ అడ్డు కాదు, సీజీనాటూ అడ్డు కాదు. టెయిల్‌స్కేల్, జీరోటియర్ లాంటివి చేసేది ఇదే. కొట్లో కంప్యూటర్లోనూ అకౌంటెంట్ ల్యాప్‌టాప్‌లోనూ వేసి, ఒకే ఖాతా కింద చేరిస్తే చాలు, రూటర్‌ను తాకనక్కర్లేదు. బయటి సంస్థ మీద ఆధారపడటం ఇష్టం లేనివాళ్లు చిన్న క్లౌడ్ సర్వరు అద్దెకు తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవచ్చు. అప్పుడు కొట్లో కంప్యూటర్ సెట్టింగుల్లో పర్సిస్టెంట్ కీప్అలైవ్ 25 సెకన్లు పెట్టడం మరవకండి; లేకపోతే కాసేపు పని లేకుండా ఉండగానే దారి మూసుకుపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌ను ఇలా ఏర్పడిన ప్రైవేటు సొరంగంలోంచి మాత్రమే వాడండి. ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి. ఎవరైనా మానేసిన రోజే వాళ్ల ల్యాప్‌టాప్‌ను జాబితాలోంచి తీసేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పని ఆగేది ఎక్కువగా కరెంటు దగ్గర. సాయంత్రం కరెంటు పోయి వస్తుంది, కంప్యూటర్ మాత్రం ఆగిపోయే ఉంటుంది. బయాస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటుంది, అది పెట్టండి. స్లీప్ ఆపండి. రూటర్‌కు కూడా చిన్న యూపీఎస్ పెట్టండి. విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టడం కుదరదు, ప్రో కావాలి. ప్రోలో కూడా ఒక సమయంలో ఒక్కరే. అకౌంటెంట్ ఇంటి నుంచి ఎక్కితే కొట్లో తెర లాక్ అవుతుంది, బిల్లు కొడుతున్నవాళ్లు ఆగిపోతారు. దీన్ని దాటించే ప్యాచ్‌లు తెచ్చేవాళ్లుంటారు. అవి లైసెన్సుకు విరుద్ధం, పైగా ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాం మీ లెక్కల పక్కన కూర్చుంటుంది. వాటి బదులు అకౌంటెంట్‌కు కొట్లోనే వేరే కంప్యూటర్ కేటాయించండి, టాలీకి మల్టీ యూజర్ లైసెన్సు తీసుకోండి.

ఈ రాత్రి కొట్టు కట్టేముందు ఒక్క పని చేయండి. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన లైన్లు అక్కడ ఉంటే, 3389 అయినా 33890 అయినా, తీసేయండి.