పడదు బాబాయి

హైదరాబాద్ కంచన్‌బాగ్ కాలనీల్లో రిటైరైన వాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ముప్పై ఏళ్లు చేసిన పని గురించి బయట నోరెత్తకూడదు. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని, బీడీఎల్... అన్నీ రక్షణ సంస్థలే, గోడ దాటితే గోడ, గేటు దాటితే గేటు. లోపల ఏం చేసేవారండీ అని అడిగితే "ఏదో, టెస్టింగు" అని ఊరుకోవాలి. మాటకారి మనిషికి ఇంతకన్నా శిక్ష లేదు. అందుకని పెన్షన్ మొదలైన నెల నుంచీ, చెప్పుకోవడానికి ఎవరి అభ్యంతరమూ లేని విషయం ఏదో ఒకటి పట్టుకుంటారు. కొందరు షుగరును పట్టుకుంటారు, కొందరు అమెరికాలో మనవణ్ని. మా బాబాయిగారు దురదను పట్టుకున్నారు. లేదూ, అదే ఆయన్ని పట్టుకుంది.

సొంత బాబాయి కాదు, కాలనీ మొత్తానికి బాబాయే. అసలు పేరు చాలామందికి తెలియదు గానీ 'పడదు బాబాయి' అంటే పాలవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. పెళ్లిలో బంతికి కూర్చోగానే వడ్డించే కుర్రాణ్ని ఆపేసి, "చూడు నాయనా, నాకు వంకాయ పడదు, గోంగూర పడదు, శనగపిండి అసలే పడదు" అని మొదలుపెడతారు. కూర బకెట్ వాడు ఆగితే వాడి వెనక పప్పు వాడు, వాడి వెనక అప్పడాల వాడు ఆగిపోతారు. పడేవేవో తేలి అవి ఆయన విస్తట్లో పడేసరికి పక్కవాళ్లు పెరుగన్నంలోకి వచ్చేస్తారు.

దురద ఉన్నది రెండే చోట్ల. ఎడమ మణికట్టు చుట్టూ ఒకటి, బొడ్డు కింద అరచేతి మేర ఇంకొకటి. విరిగిన లోహం ఎందుకు విరిగిందో కనిపెట్టడం సర్వీసులో ఆయన ఉద్యోగం (ఇంతవరకే చెప్పారు, మిగతాది రహస్యం). ఆ పద్ధతే ఇక్కడా పెట్టారు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కులో తేదీ, తిన్న పదార్థం, దురద మొదలైన సమయం, తీవ్రత అని గళ్లు కొట్టి నాలుగేళ్లుగా రాస్తున్నారు. నేనొకసారి తిరగేశాను. దోషులుగా తేలినవి వంకాయ, పొట్లకాయ, కాకరకాయ, ఉప్పుడుపిండి. అంటే చిన్నప్పటి నుంచీ ఆయనకు నచ్చనివన్నీ. డీఎంఆర్‌ఎల్ చౌరస్తా బండి మీద మిరపకాయ బజ్జీ గానీ, ఆదివారం ఇంట్లో చేసే జీడిపప్పు ఉప్మా గానీ ఒక్క పేజీలోనూ అనుమానితుల్లో లేవు.

"ముద్దాయిలంతా నా వంటింట్లోనే దొరికారమ్మా" అంటారు పిన్నిగారు.

1982లో కలాంగారు డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా వచ్చారు. దాని పుణ్యాన ఇక్కడ రిటైరైన ప్రతి ఒక్కరి దగ్గరా ఆయనతో ఒక షేక్‌హ్యాండ్ కథ ఉంటుంది. బాబాయి దగ్గరా ఉంది. షేక్‌హ్యాండ్ ఇచ్చింది కుడి చెయ్యి, దురద ఎడమ చేతికి. అయినా ఆ కథ వచ్చి ఈ కథలో ఎలా కలుస్తుందో ఇంతవరకు ఎవరూ పట్టుకోలేకపోయారు.

మధ్యలో ఎవరో చెప్పారని ప్యాకేజీలో రక్త పరీక్ష కూడా అయింది. బారెడు కాగితం వచ్చింది. అందులో పీతలు పడవని ఉంది. ఆయన పుట్టు శాకాహారి. అయినా ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించారు. ఆ పరీక్ష వెతికేది తిన్న కాసేపట్లోనే దద్దుర్లు తెప్పించే రకం ఎలర్జీని. ఒంటికి తగిలినదాని వల్ల వచ్చే ఎగ్జిమా దారి వేరు. దాన్ని నడిపేవి టీ కణాలు, వాటికి తొందర లేదు. వస్తువు తగిలాక ఒకటి రెండు రోజులు ఆగి గానీ ఒంటి మీదికి రావు. సోమవారం తగిలినదానికి బుధవారం దురద పుడుతుంది, బుధవారం వండిన వంకాయ జైలుకు పోతుంది.

చివరికి కూతురు ఫోన్లో కేకలేస్తే పెద్ద చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లారు. సంచిలో నోట్‌బుక్కు, ప్లాస్టిక్ తొడుగు కాగితం, పక్కన పిన్నిగారు. డాక్టరమ్మ నోట్‌బుక్కు తెరవలేదు. "ఆ వాచీ ఒకసారి తియ్యండి" అంది. పాతికేళ్ల సర్వీసుకు ఇచ్చిన వాచీ అది, నిద్రలో కూడా తియ్యరు. తరవాత బెల్టు చూసింది. సబ్బేమిటి, చెప్పులేమిటి, సెంటేమిటి అని అడుగుతూ అడుగుతూ "జుట్టుకు రంగు వేస్తారా?" అంది.

"లేదండీ" అన్నారు బాబాయి.

"ప్రతి రెండో ఆదివారం" అన్నారు పిన్నిగారు.

ప్యాచ్ టెస్ట్ చేద్దామంది డాక్టరమ్మ. ఈ పరీక్ష మొన్నమొన్నటిది కాదు. 1895లో బ్రెస్లౌ నగర వైద్యుడు యోజెఫ్ యాడాసోన్, పాదరసం మందు వాడి ఒళ్లు పొక్కినవాళ్లను చూసి, అదే పాదరసాన్ని వాళ్ల చర్మం మీద కొద్దిగా పెట్టి ఏమవుతుందోనని కాచుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ జరిగేది అంతే. దొంగ అనుకున్నవాణ్ని పిలిచి మళ్లీ అదే ఇంట్లో వదిలి, ఏం ఎత్తుకుపోతాడో చూడటం.

బాబాయి వీపు మీద ఆ ఏర్పాటు నేను కళ్లారా చూశాను. అంటుకునే పట్టీ మీద రెండు వరుసలుగా చిన్న చిన్న అల్యూమినియం గిన్నెలు, చొక్కా గుండీకి కాస్త తక్కువ. ఒక్కో గిన్నెలో సిరంజితో పెసరగింజంత వేజలీను ముద్ద. ఒకదాంట్లో నికెల్ సల్ఫేటు 5 శాతం, ఇంకోదాంట్లో జుట్టు రంగులో వేసే పీపీడీ 1 శాతం, తరవాత సిమెంటులో ఉండే క్రోమియం, హవాయి చెప్పుల్లోని రబ్బరు రసాయనాలు, సెంట్లు, నియోమైసిన్, వయ్యారిభామ. మన దేశపు రోగుల కోసం మన చర్మవైద్యులు కూర్చుకున్న వరుస ఇది. బాబాయి జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, "వంకాయ ఏదండీ ఇందులో?" అన్నారు. లేదని తెలిసి పరీక్ష మీద సగం గౌరవం పోయింది. ఒక గిన్నెలో ఏ మందూ కలపని ఉత్త వేజలీను పెడుతుంటే మాత్రం ముఖం వెలిగింది. "కంట్రోల్ శాంపిలా! అయితే పద్ధతి తెలిసినవాళ్లే" అన్నారు.

రెండు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, బరువెత్తకూడదు. ఎండాకాలం వద్దని మాఘమాసంలో పెట్టారు కాబట్టి బతికారు. వీపు మీద అగ్ని, పృథ్వి క్షిపణులు మోస్తున్నట్టు నిటారుగా తిరిగారు. కుర్చీలో చేరగిలబడలేదు, బోర్లా పడుకున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ చొక్కా ఎత్తి చూపించారు, నంబర్లు చెప్పమన్నారు. పాత సహోద్యోగి ఒకాయన హఫీజ్ బాబానగర్ నుంచి వచ్చి, "ఇత్నీ సీ ఖుజ్లీ కే లియే ఇత్నా బడా ప్రాజెక్టా సాబ్?" అని నవ్వితే, ఆయన నల్లటి గడ్డం వైపు చూసి పీపీడీ మీద ఉపన్యాసం ఇచ్చారు. వయ్యారిభామ మీద ఆయనకు పెద్ద ఆశ ఉండేది. 1950లలో పుణె దగ్గర కంటబడి దేశమంతా కమ్ముకున్న ఆ కలుపు మొక్కే కారణమని తేలితే, ఖాళీ ప్లాట్ల మీద అర్జీ పెట్టొచ్చు. అర్జీ అప్పుడే రాసి ఉంచారు కూడా, తేదీ ఒక్కటే ఖాళీ.

48 గంటలకు పట్టీలు తీశారు. నికెల్ దగ్గర కాస్త ఎర్రబడింది, మిగతావి శుభ్రం. వయ్యారిభామ దగ్గరా ఏమీ లేదు. "చూశారా, నేను వంకాయంటే విన్నారా" అని పిన్నిగారి మీద విజయోత్సవం. 96 గంటలకు నికెల్ దగ్గర ఎర్రగా ఉబ్బి సన్నని నీటి పొక్కులు లేచాయి. రెండు ప్లస్సులు వేసింది డాక్టరమ్మ. వాచీ వెనక మూత, బెల్టు బకిలు. బాబాయి కుంగిపోయారు. "మిధానిలో తీసే మారేజింగ్ స్టీల్లో 18 శాతం నికెలే తెలుసా అమ్మాయ్? జీవితమంతా దానితో..." అని ఆగి, అటూ ఇటూ చూసి, "ఇంతకు మించి చెప్పకూడదు" అన్నారు.

అసలు దెబ్బ వారం నాడు తగిలింది. నియోమైసిన్ నిదానస్తుడు, చాలామందిలో ఆలస్యంగా బయటపడతాడు. ఏడో రోజు ఆ గిన్నె పెట్టిన చోట దద్దు తేలింది. ఎక్కడ వాడారని డాక్టరమ్మ అడిగితే బాబాయికి ఏమీ తట్టలేదు. పిన్నిగారు ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి ట్యూబు తీసి బల్ల మీద పెట్టారు. నాలుగేళ్లుగా దురదకు రాస్తున్న మందు. దోమ కుట్టినా, వేలు తెగినా కాలనీలో అందరికీ ఆయన రాసిపెట్టే మందు. అందులో స్టెరాయిడ్ ఉంది, దురదను అణుస్తుంది. నియోమైసిన్ ఉంది, లేపుతుంది. రాస్తే తగ్గుతుంది, మానితే ఎగస్తుంది, మళ్లీ రాయాలి. ఇంత ముచ్చటైన ఏర్పాటును లాంగ్ నోట్‌బుక్కు ఎలా పట్టుకుంటుంది?

ఇక్కడితో మనిషి తగ్గుతాడనుకుంటే ఆ జాతి మీకు తెలియదన్నమాట. వాచీకి గుడ్డపట్టీ, వెనక మూతకు గోళ్ల రంగు పూత. బెల్టు పోయి పైజామా వచ్చింది. నికెల్‌ను పట్టే డైమిథైల్‌గ్లయాక్సీమ్ సీసా ఎక్కడి నుంచో సంపాదించారు. దూది పుల్ల దాంట్లో ముంచి రుద్దితే, నికెల్ వదిలే వస్తువైతే దూది గులాబీ రంగు తిరుగుతుంది. సాయంత్రం వాకింగు మానేసి ఇంటింటికీ వస్తున్నారు. జిప్పులు, గాజుల పిన్నీసులు, చెవి దిద్దులు, తాళాలు. యూరపు వాళ్లు 1994లోనే వీటికి హద్దు పెట్టారని అందరికీ చెబుతున్నారు. మా ఇంట్లో నా వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు కొక్కేన్ని రుద్ది, దూది ఎర్రబడగానే "చూశావా!" అని పిల్లాడిలా ఎగిరారు.

వంకాయ నిర్దోషిగా విడుదలైంది. ఆ ఆదివారం పిన్నిగారు గుత్తివంకాయ చేసి నన్నూ పిలిచారు. బాబాయి నాలుగు కాయలు తిన్నారు, కళ్లజోడు సవరించుకుని ఫోను తీశారు. "అమ్మాయ్, నికెల్ తిండిలో కూడా ఉంటుందట. కొందరికి దానితోనూ తిరగబెడుతుందట. పప్పుధాన్యాల్లో ఎక్కువట. రేపటి నుంచి మనింట్లో కందిపప్పు పడదు" అన్నారు.

పిన్నిగారు గరిటె పక్కన పెట్టి, ఫోను అందుకుని ఆ జాబితా కింది వరకూ చదివారు.

"జీడిపప్పు కూడా ఉందిగా ఇందులో?"

"అది..." అన్నారు బాబాయి, "ఉప్మాలో వేసేది ఎంతలే."