కూరల బేరంలో గుట్టు

మా మనవడు కోనేటి గట్టు మీద కూర్చుని ఫోన్‌లోనే యుద్ధాలు చేసేస్తుంటాడు. "తాతా, చైనా ఓడ లంకకొచ్చీసిందట, మనోలు ఊరుకోకూడదు" అంటాడు. చైనా ఓడ సంగతే కాదు, విశాఖలో మన నౌకలు ఎప్పుడు ఎవరితో విన్యాసాలు చేస్తాయో కూడా వాడికి తెలుసు. మా రోజుల్లో ఇలాంటిదాన్ని రక్షణ వ్యవహారం అనేవారు కాదు, సంత అనేవారు.

1971 డిసెంబరు, పాకిస్తాన్‌తో యుద్ధం రోజులు. మా ఊరు రామతీర్థంలో ఉన్న కాసిని బల్బులకీ నల్ల కాగితం చుట్టారు. మా అమ్మ లాంతరు మూలకి పెట్టి, గంప అడ్డం పెట్టి అన్నం వడ్డించేది. చారులో ముక్కుందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవడమే.

అప్పుడు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్‌ని అండమాన్‌లో దాచేశారు. ఇక్కడేమో అది రేవులోనే ఉందని గూఢచారులు నమ్మాలని, తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ గారు విశాఖ బజారులో బోలెడు సరుకులకి, కూరలకి ఆర్డర్లిప్పించారు. కూరల బేరంతో శత్రువుని బోల్తా కొట్టించడమంటే అదీ! డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ మునిగింది. ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాలకీ ఇప్పటికీ మాట కలవలేదనుకోండి.

ఆ నెలలోనే అమెరికా మనల్ని బెదిరించడానికి ఎంటర్‌ప్రైజ్ నౌకని బంగాళాఖాతంలోకి పంపింది. ఇందిరమ్మ ఆగస్టులోనే రష్యాతో ఒప్పందం రాసుకుని ఉంది. రష్యా నౌకలు దాని వెనకే వచ్చాయి.

ఇప్పుడో? ఆ అమెరికావాళ్లే మలబార్ అనీ, టైగర్ ట్రయంఫ్ అనీ విన్యాసాల పేరుతో విశాఖకి చుట్టాల్లా వచ్చి వెళ్తున్నారు. వాళ్ల దగ్గర కొన్న ట్రెంటన్ నౌక 'జలాశ్వ' పేరుతో అక్కడే ఉంది. రష్యావాడు కట్టిచ్చిన కురుసుర జలాంతర్గామి మాత్రం బీచిలో టిక్కెట్టు పెట్టుకుని కూర్చుంది. అంతా చైనా భయం. తప్పంటానా? అనను. పెద్దవాడితో తగువున్నప్పుడు ఇంకో పెద్దవాణ్ణి పక్కన పెట్టుకోవడం ఏ ప్రభుత్వానికైనా తప్పదు. కానీ వచ్చినవాడి లెక్క వాడికీ ఉంటుంది కదా. ఆ మాట మా విజయనగరం జిల్లావాళ్లకి ఒకరు చెప్పాలా?

1758లో విజయనగరం ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ల మీద కోపంతో ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ దండుతో దిగాడు. చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు చిత్తుగా ఓడారు. 1794 జూలై 10న పద్మనాభంలో, ఆనంద గజపతి తర్వాత గద్దెనెక్కిన చినవిజయరామరాజుని చంపింది ఆ ఇంగ్లీషు సైన్యమే.