ఆటపాట మీద ఆటవెలది: టీకా తాత్పర్య సహితము

మూలము

చిన్న పెట్టె పాట సింఫనీగాఁ జేసె
మంచ మెక్కి రాత్రి మౌసు పట్టి;
వంద మంది లేరు, వాఁ డొక్కఁడే చాలు;
విన్నవారి చెవికి విందు సుమ్ము!

అవతారిక

వీడియో గేములోని పాట నొకదానిని, అడిగినవారు లేకున్నను, ఇచ్చువారు అసలే లేకున్నను, నిండు ఆర్కెస్ట్రాకు పెంచి కట్టిన ఒక అభిమానిని చూచి చెప్పిన చాటువు ఇది. ఆటను గూర్చినది గనుక కవి ఆటవెలదినే పట్టెను. ఏ ఆటయో, ఏ పాటయో చెప్పలేదు. 1985లో జపానున వెలువడిన ‘సూపర్ మారియో బ్రదర్స్’లోని మొదటి పాట యని మా సంప్రదాయము. ఆ ఆటను ఎన్నడును ఆడనివారు సైతము దానిని విన్నంతనే గుర్తుపట్టుట ఇందుకు ప్రమాణము. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల పట్టికలో దానిని చేర్చినది. వీడియో గేము పాట ఆ పట్టిక కెక్కుట అదే ప్రథమము. పాట కట్టినవాడు కోజి కొండో. 1984లో, ఆ ఆటను చేసిన నిన్‌టెండో సంస్థ కొలువున చేరినవాడు.

ప్రతిపదార్థము

చిన్న = కొలతకు అందనంత చిన్నదియైన. ఆ ఆటలోని బొమ్మలు, పుట్టగొడుగులు, తాబేళ్లు, కోటలు, పాటలు అన్నియు కలిపి 40 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోనులో తీసిన పెరుగన్నపు ఫొటో ఒక్కటియే దానికి ఎన్నో రెట్లు తూగును.

పెట్టె = 1983లో జపానున పుట్టిన ఫ్యామికామ్ అను యంత్రము. దాని నకళ్లు 1990లలో మన ఊళ్లకు ‘టీవీ గేము’ అను పేర దిగినవి. క్యాసెట్టు పట్టకున్నచో బయటికి లాగి, నోటితో ఊది, మరల దోపుట శిష్టాచారము.

పాట = ఆ పెట్టెలోని చిప్పు పలికినది. చిప్పుకు గొంతులు ఐదు: చతురస్ర తరంగములు రెండు, త్రిభుజ తరంగ మొకటి, ఒట్టి రొద యొకటి, ముందే పట్టి ఉంచిన ధ్వనిని వదలునది యొకటి. చతురస్రములు పాటను, దాని జంటస్వరమును మోయును. త్రిభుజము అడుగుస్వరమును పట్టును. దానికి హెచ్చుతగ్గులు లేవు, పలికిన పలుకును, లేకున్న మూగబోవును. రొద తాళము వేయును. ఇంతలో ఆట నాయకుడగు మారియో ఎగిరినచో ఆ ఎగురుడు చప్పుడునకు వేరే గొంతు లేదు. పాటగాండ్రలో ఒకనిని లాగుకొనవలసినదే. కచేరి నడుమ వయొలిను విద్వాంసుని లేపి, ఫోను ఎత్తి రమ్మని పంపినట్లుండును.

సింఫనీగాఁ జేసె = తీగలు, పిల్లనగ్రోవులు, కొమ్ములు, డప్పులు అను నాలుగు వర్గములకు పంచిపెట్టెను. ఏది ఎవరికి ఇయ్యవలెనను విచారమే ఇందలి విద్య. మిగిలినది చాకిరి.

మంచ మెక్కి = బల్ల లేనివాడగుటచే. ఒడిలో ల్యాప్‌టాపు గలవాడై అని భావము.

రాత్రి = ఉద్యోగము ముగిసిన పిమ్మట. ఇంటివారు నిద్రించుచుందురు గాన ‘హెడ్‌ఫోను’ అను పదమును అధ్యాహారము చేసికొనవలెను. ఈ విద్యలో రాత్రికి పెద్దల ఒరవడి కలదు. 1986లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆటకు ముఖపత్రగీతముగా కొండో మొదట తలపెట్టినది ఫ్రెంచి స్వరకర్త రావెల్ కట్టిన ‘బొలేరో’ను. హక్కుల గడువు ఇంకను తీరలేదని చివరి గడియలో తెలిసినది. అంతట ఆయన ఒక్క రాత్రిలో తన పాటనే తిరుగకట్టి ఆ చోట నిలిపెను. పరుల పాటను మార్చి కట్టవలెనను కోరిక, హక్కుల అడ్డు, తెల్లవారుజాము: మూడును మూలపురుషుని నాటివే.

మౌసు పట్టి = వాద్యమేదియు పట్టక. క్రమ మేమనగా: మొదట చెవి యొగ్గి ఐదు గొంతులను వేరుపరచును. మ్యూజ్‌స్కోరు వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో స్వరలిపి దింపును. నిజపు విద్వాంసులు ఒక్కొక్క స్వరమును వాయించి ఇచ్చిన శాంపిళ్లను తెచ్చి వానికి తగిలించును. వయొలిను స్వరమొక్కటికే సాగదీసినది వేరు, తుంచినది వేరు, వేలితో మీటినది వేరు. అంతటితో ముగియదు. ప్రతి స్వరము తాళము మీద ఖచ్చితముగా పడినచో యంత్రమని తెలిసిపోవును. కావున కొన్నింటిని వెంట్రుకవాసి ముందునకు, కొన్నింటిని వెనుకకు జరుపును. విద్వాంసులు సాధన చేసి పోగొట్టుకొను తప్పులను ఈతడు సాధన చేసి సంపాదించును.

వంద మంది లేరు = నిండు ఆర్కెస్ట్రాలో కూర్చుండవలసినవారు లేరు. వారికి బస్సు ఛార్జీలు, ఉప్మా, హాలు అద్దె లేవని ఫలితార్థము.

వాఁ డొక్కఁడే చాలు = తానే కర్త, తానే వాద్యబృందము, తానే సౌండు ఇంజినీరు, మొదటి శ్రోతయు తానే.

విన్నవారి చెవికి = చివరివరకు విన్నవారి చెవికి అని గ్రహింపవలెను.

విందు సుమ్ము = తప్పక విందు. ‘భోజనము’ అనక ‘విందు’ అనుటలో కవి లౌక్యము చూడదగినది. హోటలు భోజనమునకు బిల్లుండును, విందుకు ఉండదు. పాట మీది హక్కు యజమానిది. అనుమతి లేక దానిని మార్చి అమ్మరాదు. అభిమాని సొమ్మడుగక పిలిచి వడ్డించునని కవి గడుసుగా సూచించినాడు. అట్లయినను యజమాని వద్దన్నచో విస్తరి తీయవలసినదే.

తాత్పర్యము

ఐదు గొంతుల చిప్పు పాడిన చిన్న పాటను ఒక అభిమాని రాత్రివేళ ఒంటరిగా కూర్చుండి, వందమంది వాయించినట్లు వినిపింపజేసెను. వినుడు, బాగున్నది.

పాఠాంతరము

కొన్ని ప్రతులలో మూడవ పాదము ‘వంద మంది కలరు, వాఁ డొక్కఁడే కాఁడు’ అని కలదు. గణములు సరిపోవుచున్నవి, చరిత్రయు సరిపోవుచున్నది. ‘డ్రాగన్ క్వెస్ట్’ స్వరకర్త కోయిచి సుగియామ 1987 ఆగస్టులోనే టోక్యోలోని సంటొరీ హాలున ఆటపాటలను నిజమైన వాద్యకారులచే వాయింపించెను. అది కర్తయే చేసికొన్నది. అభిమానులలోను మనుష్యులను కూడగట్టినవారు కలరు. న్యూయార్కున చార్లీ రోజెన్ నడుపు ‘8-బిట్ బిగ్ బ్యాండ్’ వారు 1996 నాటి కిర్బీ ఆటలోని పాట నొకదానిని తమ రీతిని కట్టి, 2022లో ఉత్తమ వాద్య అరేంజ్‌మెంటునకు గ్రామీ బహుమానము పొందిరి. వారిది జాజు బృందము గాన ‘సింఫనీ’ యను మాట అక్కడ పొసగదు. కావున మేము మొదటి పాఠమునే గ్రహించితిమి.

పూర్వపక్షము

“కొండో ఆ పాటను ఆ చిప్పుకొరకే కట్టెను. ఆ బిగువే దాని అందము. దానికి వందమందిని కూర్చుట మూలద్రోహము” అని కొందరు.

సిద్ధాంతము

కాదు. చిప్పు సూత్రము వంటిది. చోటు లేక క్లుప్తముగా చెప్పినది. సూత్రమున్న చోట భాష్యము పుట్టుట మన దేశమున వింత కాదు. అదే ఆటలో నీటి అడుగు ఘట్టపు పాట మూడు మాత్రల వాల్ట్జ్ నడకలో నుండును. నీటిలో మెల్లగా ఈదువానికి తగిన ఊపు అది. చిప్పు దానిని సూచించి ఊరకుండెను. అరేంజరు ఆ ఊపును చెల్లోల చేతికిచ్చినచో, మూలమున నున్నదే విప్పి చూపినవాడగును. మరియొకడు అదే పాటకు నలుబది మంది గాయకుల హోరు, యుద్ధభేరులు తగిలించి, మారియో లంక మీదికి దండెత్తినట్లు చేయును. మూలమున లేనిది చెప్పినవాడు వీడు. చెప్పినదానిని విప్పుట, చెప్పనిదానిని కల్పింపకుండుట అను రెండును టీకాకారుని ధర్మములు. మార్చి కట్టినవాని ధర్మములును ఇవియే. ద్రోహ మున్నచో పెంచుటలో లేదు, రెండవ ధర్మము తప్పుటలో కలదు.

విశేషాంశములు

ముగింపు: ఆటలో పాటకు అంతము లేదు. చివరకు వచ్చి మరల మొదటికి పోవును. ఆట గడియారము నూటికి దిగినపుడు వేగము హెచ్చును. మారియో ఘట్టము చివరనున్న జెండాకొయ్యను పట్టినను, గోతిలో పడినను ఆగును. సభలో జెండాకొయ్య లేదు. కావున ముగింపు మాత్రము అరేంజరు సొంతముగా కట్టవలసినది. వాని బుద్ధి ఇచటనే బయటపడును. తెలివిగలవాడు జెండాకొయ్య దగ్గర వినబడు విజయధ్వనినే తెచ్చి ముగించును. తెలివి చాలనివాడు మెల్లగా శబ్దము తగ్గించుకొనుచు జారుకొనును.

ఊపిరి: సాఫ్ట్‌వేరులోని ట్రంపెటుకు ఊపిరితిత్తులు లేవు. మౌసుతో గీసిన గీత ఎంత పొడవున్న అంతసేపు ఊదును. నిజపు ట్రంపెటు విద్వాంసుడు ఆ కాగితమును చూచినచో వాద్యమును పెట్టెలో పెట్టి ఇంటికి పోవును.

బలాబలములు: ఫ్లూటు కింది స్థాయిలో సన్నగా పలుకును. ట్రాంబోనులు మ్రోగుచుండగా సభలో అది వినబడదు. కంప్యూటరున ఫ్లూటు మీటను పైకి త్రోసినచో వినబడును. ఇట్టి ఫ్లూటు మాయా ఫ్లూటని గ్రహింపవలెను.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారు ఇక మీదట అట్టి పాట విన్నపుడు మూడు సంగతులు పరీక్షింతురు గాక. వందమంది హోరులోను మొదటి పాటను పెదవులతో కూనిరాగము తీయగలుగుచున్నారా? ఊదువారికి ఊపిరి పీల్చు చోటు కలదా? ముగింపు ముగిసినదా, జారుకొన్నదా? మూడును కుదిరినచో కర్తను మెచ్చుకొనుడు, కొండో పేరు కూడ కలిపి మెచ్చుకొనుడు. ఒక్కటి తప్పినను మన్నింపవచ్చును. మొదటిది తప్పినచో మాత్రము మన్నింపరాదు: పాట పోయిన తరువాత మిగిలినది ఆర్కెస్ట్రా కాదు, రొద.