పరిశోధనపత్ర లక్షణసారము

పరిశోధన చేయు విధము చెప్పగలవారు మన విశ్వవిద్యాలయములలో నానాటికి అరుదగుచుండగా, పరిశోధనపత్రమును అచ్చుకు సిద్ధపరచు విధము చెప్పువారు మాత్రము శాఖకిద్దరుగా, కార్యశాలకు నలుగురుగా వర్ధిల్లుచున్నారు. ఎడమ అంచు బైండింగు నిమిత్తము ఒకటిన్నర అంగుళము, తక్కిన మూడు వైపుల అంగుళము చొప్పున, అక్షరము టైమ్స్ న్యూ రోమన్, పరిమాణము 12, పంక్తుల నడుమ ఒకటిన్నర ఎడము, సంగ్రహము 250 మాటలకు మించరాదు, కీలకపదములు అయిదింటికి తగ్గరాదు — ఇంతవరకు సెలవిచ్చి వక్త మంచినీరు త్రాగును, శ్రోతలు వ్రాసికొందురు, ఇంతకు వ్రాయదగిన విషయమేమని యడుగు అవివేకి యొక్కడును ఆ సభలో లేచి నిలువడు. లండను టైమ్స్ దినపత్రిక తన వార్తలను పాఠకులు సుఖముగా చదువవలెనని చేయించుకొని 1932లో వాడుకకు తెచ్చిన యక్షరమునకు, పోతన కవితను గూర్చి వ్రాసిన పత్రము యోగ్యతను నిర్ణయించు అధికారము ఎట్లు సంక్రమించినదో చెప్పుట కష్టము. అందులో తెలుగు లిపియే లేదన్న చిక్కును వినయముగా నివేదించినచో, నియమము నియమమే యని సమాధానము వచ్చును.

ఈ కట్టుబాట్లన్నియు పాశ్చాత్యుల యొద్దనుండి దిగుమతి యైనవని నిట్టూర్చువారు మన ప్రబంధముల అవతారికలను మరచినవారు. ఇష్టదేవతాస్తుతి యుండిన చోట నేడు పర్యవేక్షకునకు కృతజ్ఞతాంజలి యున్నది. పూర్వకవిస్తుతికి మారుగా పూర్వపరిశోధనల సమీక్ష వచ్చినది. ఇంతవరకు ఎవ్వరును ఈ కోణమున పరిశీలింపలేదని పరిశోధకుడు పలుకు మాట అచ్చమైన కుకవినింద, కాకున్న నాటి కవి ఎవరిని నిందించుచున్నాడో పేరు చెప్పుటకు సంకోచించెను, నేడు పుట సంఖ్యతో సహా చెప్పవలెను. ఆశ్వాసాంతగద్యములో తండ్రి పేరును, బిరుదములను ఏకరువు పెట్టుకొన్న కవికి, హోదాయు కళాశాలయు ఈమెయిలును మొదటి పుట అడుగున నిలుపుకొను సహాయాచార్యుడు సాక్షాత్తు వారసుడు. భేద మొక్కటే: అవతారిక ముగిసిన పిదప ప్రబంధకవి కథ చెప్పెడివాడు.

ఇందు పూర్వపరిశోధనల సమీక్ష మిక్కిలి రసవంతమైన ఘట్టము గావున కొంచెము నిలిచి చూడదగును. తాను చదివిన గ్రంథములను పేర్కొనుట ప్రారంభదశ. చదివినవారు పేర్కొన్న గ్రంథములను పేర్కొనుట మధ్యమదశ. పరీక్షకుడుగా రాగల అవకాశమున్న ప్రతి పెద్దమనిషి వ్రాసిన ప్రతి పీఠికను వెదకి వెదకి పేర్కొనుట సిద్ధదశ. ఆయన అన్నదానికి పత్రములోని వాదము విరుద్ధమైనను బాధ లేదు. తన పేరు కనబడిన తోడనే పరీక్షకుని కన్ను అచట నిలిచిపోవును, వాక్యము వరకు పోదు.

మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, కాళిదాసాదులకు వ్యాఖ్య రచించుచు, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు రెండు ప్రతిజ్ఞలు చేసెను. మన పద్ధతి మొదటి ప్రతిజ్ఞను శిరసావహించినది. వాక్యము వాక్యమునకు కుండలీకరణములో ఒక పేరు, ఒక సంవత్సరము, వెన్నెల చల్లగా నుండునన్నను ఒకరి సాక్ష్యము. రెండవదానిని పాటించినచో పత్రము నాలుగు పుటలు దాటదు. దాటని పత్రమును పత్రిక స్వీకరింపదు. 1905లో ఐన్‌స్టైన్ విశేష సాపేక్షతను ప్రతిపాదించిన పత్రమునకు ఉపయుక్త గ్రంథసూచి లేదు, తుదిని మిత్రుడు బెస్సోకు కృతజ్ఞత మాత్రము కలదు. 1953లో వాట్సన్, క్రిక్‌లు డి.ఎన్.ఏ. నిర్మాణమును నేచర్ పత్రికలో పుటకు కొంచెము మించిన స్థలములో, ఆరే ఆధారములతో చెప్పి ముగించిరి. మన సంపాదకమండలికి పంపియుండినచో, మొదటిదానిని గ్రంథచౌర్య శంకతోను, రెండవదానిని నిడివి చాలదనియు త్రిప్పి పంపియుందురు.

శాస్త్రపత్రము యొక్క ఈ రూపమునందే మోసమున్నదా యని 1963లో బి.బి.సి. ప్రసంగమున ప్రశ్నించినవాడు నోబెల్ బహుమానము పొందిన పీటర్ మెడవర్. నిర్మలమైన మనస్సుతో బయలుదేరి, వివరములు సేకరించి, తుదకు సిద్ధాంతమును చేరినట్లు పత్రము నటించుననియు, ఆలోచన నిజముగా ఆ త్రోవను నడువదనియు ఆయన వాదము. పాపము, ఆయన మన త్రోవ నెరుగడు. ఇచట ఉపసంహారము మొదట సిద్ధమగును, పిదప దానికి తగిన లక్ష్యములు, ఆ పిదప ప్రాక్కల్పన, చిట్టచివర ప్రశ్నావళి. ప్రాక్కల్పన ఓడిపోయిన పత్రము నా కంట బడకపోవుటకు ఇదియే కారణమై యుండును.

'నేను' అను మాట పత్రమున నిషిద్ధమని మరియొక సంప్రదాయము. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు జాక్ హెదరింగ్టన్, తానొక్కడే వ్రాసిన పత్రమంతట 'మేము' అని వాడి, కర్త ఒక్కడైనచో ఆ మాట చెల్లదని తోటివాడు హెచ్చరింపగా, మొదటినుండి మరల టైపు చేయు శ్రమకు ఓర్వక, తన సయామీ పిల్లి చెస్టరును ఎఫ్.డి.సి. విల్లర్డ్ అను పేర సహకర్తగా చేర్చెను. 1975లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ ఆ పత్రమును ప్రచురించెను. దీనికి మనము నవ్వరాదు. పిల్లి కనీసము కర్తతో ఒక యింట నివసించినది. మన పత్రములలో సహకర్తలుగా వెలయు శాఖాధ్యక్షులు కొందరు ఆ పత్రము పుట్టిన గదిలోనికైన తొంగిచూచినవారు కారు.

ఇక చౌర్యనివారణము. 2018 నాటి నిబంధనలలో యు.జి.సి. పదిశాతము వరకు పోలికకు శిక్ష లేదనెను. దానితో నిజాయితీకి కొలబద్ద దొరికినది. సాయంకాలమున పదునాలుగు శాతము దొంగయైనవాడు, అమరకోశము ముందిడుకొని, సూర్యుని భానుని జేసి, రాజును భూపతిని జేసి, తెల్లవారునప్పటికి తొమ్మిది శాతముతో సాధువై లేచును. ఆంగ్లమున ఈ సేవను యంత్రములే చేయుచున్నవి. 2021లో గియోమ్ కాబనాక్ మొదలగు పరిశోధకులు వెలికితీసిన పత్రములలో, కృత్రిమ మేధ యనవలసిన చోట నకిలీ చైతన్యమని యర్థము వచ్చు మాటలు నిర్భయముగా కూర్చుండియున్నవి. సమీక్షకులు అభ్యంతరపెట్టలేదు, అంచులు సరిగా నుండి యుండును.

పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు ముందు పత్రము ప్రచురింపవలెనన్న నిర్బంధమును యు.జి.సి. 2022లో తొలగించినను, ఉద్యోగమునకును పదోన్నతికిని పత్రముల లెక్క పోలేదు గావున, ఈ వ్యాపారమునకు లోటు లేదు. ఐ.ఎస్.ఎస్.ఎన్. అనునది పత్రికను గుర్తుపట్టు సంఖ్యయే గాని గుణమునకు ముద్ర కాదు. ఐనను దానినే ముఖపత్రముపై గుమ్మడికాయంత చేసి అచ్చువేయు పత్రికలు ఊరూర వెలసినవి. రుసుము చెల్లించిన వారము లోపల పత్రము అంగీకరింపబడినదన్న లేఖయు, దానివెంట బంగారు రంగు అంచుగల ధ్రువపత్రమును చేరును. ధ్రువపత్రమున పేరు తప్పుపడినచో దిద్దుటకు వేరు రుసుము కలదు. పత్రములోని తప్పులు దిద్దుటకు రుసుము నిర్ణయింపలేదు; అట్టి కోరిక ఇంతవరకు ఎవ్వరును కోరియుండరు.