చుట్టపుచూపు

కాపురానికి రావలసిన భార్యను చుట్టపుచూపు వీసా మీద రప్పించబోయాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. దానివల్ల మేమిద్దరం పోగొట్టుకున్నది ఇరవై రెండు నెలల కాలం.

2023 మే నెలలో తెనాలిలో మా పెళ్ళి. అప్పటికి నేను లెస్టర్‌లో పదేళ్ళకు పైగా ఉంటున్నాను, బ్రిటన్‌లో శాశ్వత నివాసం ఉంది. గోదాములో సూపర్‌వైజర్‌ని, జీతం ఏడాదికి 24,500 పౌండ్లు. భార్యను తెచ్చుకోవడానికి అప్పటి రూలు ప్రకారం 18,600 పౌండ్ల ఆదాయం చాలు. అంటే పెళ్ళిపీటల మీద నుంచి లేచిన రోజునే స్పౌజ్ వీసాకు నాకు అర్హత ఉంది. ఖర్చు చూసి వెనకాడాను. ఫీజు 1,538, ఆరోగ్య సర్‌చార్జి 1,872, మొత్తం 3,410 పౌండ్లు. విజిటర్ వీసాకైతే వంద పౌండ్లే.

అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి, "ముందు విజిటర్ మీద తెచ్చేసుకోరా, వచ్చాక మార్చుకోవచ్చు" అన్నాడు. వాడు చూసింది అమెరికా సంగతి. బ్రిటన్‌లో అది కుదరదు. విజిటర్‌గా వచ్చిన మనిషి ఇక్కడే ఉండి స్పౌజ్ వీసాకు మారడానికి వీల్లేదు, వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి పెట్టుకోవలసిందే. ఈ రూలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. నేను తెరిచి చూడలేదు. ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, నాకు తెలియదా అన్న ధీమా.

ఖాతాలో డబ్బు కనిపించాలని మామగారికి చెప్పాను. ఆయన నడుస్తున్న చీటీని మధ్యలోనే పాడేసి, పాటలో ఎనభై వేలు వదులుకుని, వచ్చిన డబ్బు దరఖాస్తుకు మూడు వారాల ముందు కూతురి ఖాతాలో వేశారు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. అల్లుడు చెప్పాడు, అంతే.

ఆషాఢం కదా, ఎలాగూ విడిగా ఉండాల్సిన నెల, శ్రావణానికి వచ్చేస్తుంది అని అత్తగారు ఇరుగుపొరుగుకు చెప్పుకున్నారు. ఆ ఆషాఢంలోనే తిరస్కరణ ఉత్తరం వచ్చింది. ఖాతాలో ఒక్కసారిగా పడిన డబ్బు ఎక్కడిదో చూపలేదు. పెళ్ళికి ముందు లెక్చరర్ ఉద్యోగం మానేశారు. భర్త బ్రిటన్‌లో ఉన్నారు. గడువు తీరాక మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు. దీని మీద అప్పీలు లేదు.

ఆ ఉత్తరాన్ని లోటు కాగితాల జాబితాలాగా చదివాను. ఉద్యోగం లేదన్నారా, ఒక ప్రైవేటు స్కూల్లో చేరి లెటరు తెచ్చుకోమన్నాను. తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదన్నారా, నాలుగు వారాలు, లండన్, విండ్సర్ అని తేదీలతో సహా రాసిచ్చాను. అక్టోబరులో ఫీజు 115 అయింది, అదీ కట్టాను. ఫారం నింపుతున్న రాత్రి వీడియో కాల్‌లో తను అడిగింది.

"ఏమండీ, నాలుగు వారాలయ్యాక నేను నిజంగా తిరిగి వచ్చేయాలా?"

"ఫారం కోసమే కదా, రాసెయ్" అని విసుక్కున్నాను. తను ఇంకేమీ అనలేదు. అడిగినదంతా రాసింది, వేలిముద్రలకు హైదరాబాదు దాకా వెళ్ళివచ్చింది. నవంబరులో రెండో తిరస్కరణ. మొహం చూడకుండా, కాగితాలు మాత్రమే చూసిన అధికారికి అర్థమైన నిజం నాకు ఎదురుగా ఉన్నా కనిపించలేదు. ఆమె తిరిగి వెళ్ళదు. వెళ్ళాలని నాకూ లేదు. లేని ఉద్దేశాన్ని తన చేత రాయించాను.

అక్కడితోనైనా ఆగి స్పౌజ్ వీసాకు పెట్టి ఉండాల్సింది. రెండుసార్లు కాదన్నాక మళ్ళీ పెడితే పదేళ్ళు నిషేధిస్తారని ఎవరో అన్నారు, భయపడి కూర్చున్నాను. నిషేధం ఉన్నది అబద్ధం ఆడినవాళ్ళకు, దొంగ కాగితాలు పెట్టినవాళ్ళకు. తిరస్కరణకు నిషేధం లేదు, దాన్ని దాచకుండా రాస్తే చాలు. లైసెన్సున్న సలహాదారును ఒక గంట అడిగినా తెలిసేది. నేను భయంలో ఉండగానే డిసెంబరులో ఆదాయపు హద్దు పెంచుతామని ప్రకటించారు. ఫిబ్రవరిలో సర్‌చార్జి ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లయింది. 2024 ఏప్రిల్ 11న 18,600 కాస్తా 29,000 అయింది. నా జీతం అదే 24,500. నిన్నటిదాకా అర్హుణ్ణి, ఆ రోజుతో కాకుండా పోయాను.

మే నుంచి శని, ఆదివారాలు వృద్ధాశ్రమంలో పనికి చేరాను. రెండు జీతాలూ కలిపి హద్దు దాటితే సరిపోదు, ఆరు నెలల పే స్లిప్పులు చూపాలి. రెండో ఆషాఢం కూడా అలాగే గడిచింది. తెనాలిలో ఎవరు కనిపించినా "ఇంకా వెళ్ళలేదా అమ్మా?" అని అడుగుతుంటే తను బజారుకు వెళ్ళడం మానేసింది. ఈ సంగతి తను చెప్పలేదు, మా అత్తగారు చెప్పారు.

నవంబరులో స్పౌజ్ వీసాకు పెట్టాం. ఫీజు, సర్‌చార్జి కలిపి 4,951 పౌండ్లు. ఇంగ్లిషు పరీక్ష, క్షయ పరీక్ష, పెళ్ళి రిజిస్ట్రేషను, ఇంటి అద్దె ఒప్పందం, ఇన్ని నెలలుగా రాత్రుళ్ళు మాట్లాడుకున్న కాల్స్ జాబితా. రెండు తిరస్కరణలూ తేదీలతో రాశాం. ఈసారి ఏ జవాబూ నేను నేర్పలేదు. బ్రిటన్‌లో భార్యాభర్తలుగా శాశ్వతంగా కలిసి బతకాలన్న ఉద్దేశం ఉందా అన్న చోట, నన్ను అడగకుండానే తను ఉందని రాసింది.

వీసా దొరికి, 2025 మార్చిలో తను వచ్చింది. పెళ్ళైన కొత్తలో రావలసిన సారె, ఆవకాయ జాడీతో సహా, తన సూట్‌కేసులో ఉంది. మామగారికి చీటీలో పోయిన ఎనభై వేలు పంపబోతే, "అమ్మాయిని చేర్చుకున్నారు, అదే చాలు బాబూ" అన్నారు. ఆ మాట విన్నాక నాకు మాట రాలేదు.

రాత్రి సామాను సర్దుతున్న తనతో, ఆనాటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాను. "తిరిగి వెళ్ళక్కర్లేదు. ఇది నీ ఇల్లు." ఈ నాలుగు మాటలూ అప్పుడే నా నోట వచ్చి ఉంటే, విజిటర్ ఫారం ఆ రాత్రే మూసేసేవాళ్ళం.